పడిపోకూడని గీత

వీరరాఘవులు మాష్టారి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన గురించి రాస్తున్నానంటే పొగడడానికే అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆయన వల్ల మా అమ్మాయి ఇషితకు పన్నెండో క్లాసు బయాలజీలో ఒక సున్నా వచ్చింది. ఆ సున్నాలో నా వాటా ఎంతో కూడా చెబుతాను, తప్పించుకోను. ముందు ఆయన సంగతి.

ఇక్కడ కెనడాలో, బ్రాంప్టన్‌లో ఒక టౌన్‌హౌస్ కింద బేస్‌మెంట్‌లో ఉంటారు ఆయనా, భార్య సీతాదేవి గారూ. పక్కగుమ్మం నుంచి ఎనిమిది మెట్లు దిగాలి. చలికాలంలో ఆ మెట్ల మీద ఉప్పు చల్లే పని మాష్టారిదే. చల్లుతూ, దిగేవాళ్లను ఆపి, ఉప్పు వేస్తే మంచు ఎందుకు కరుగుతుందో చెప్పమంటారు. ఒకసారి మైనస్ ఇరవై రెండులో నన్ను అలాగే ఆపారు.

"మాష్టారూ, కరగడం లేదండీ, చూడండి. ఇంత చలికి ఈ ఉప్పు పనిచేయదు" అన్నాను.

ఆయన కిందికి చూడనే లేదు. "కరగాలండీ" అన్నారు.

మాష్టారంటే ఏమిటో నాకు ఆ రోజే అర్థమై ఉండాల్సింది. కాలేదు. మూతికి మఫ్లర్ చుట్టుకుని నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయాను.

ఆయన తణుకు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు జువాలజీ, బయోకెమిస్ట్రీ చెప్పారు. సీతాదేవి గారు నర్సు. ఆవిడ పాయింట్ల మీద పీఆర్, అంటే ఇక్కడ స్థిరపడే అనుమతి, వచ్చి, ఏడేళ్ల కిందట ఇద్దరూ ఇక్కడ దిగారు. మాష్టారి డిగ్రీలు ఇక్కడి మాస్టర్స్‌తో సమానమని ఒక సంస్థ కాగితం ఇచ్చింది. ఆ కాగితం చూసి ఉద్యోగం ఇచ్చిన నాథుడు మాత్రం లేడు. కాలేజీలకీ, ల్యాబులకీ, స్కూళ్లకీ అప్లై చేస్తూనే ఉన్నారు. అందరూ కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నవాళ్లే. అది లేనిదే ఉద్యోగం రాదు, ఉద్యోగం లేనిదే అది రాదు. చివరికి మిస్సిసాగాలో ఎయిర్‌పోర్టు పక్కన ఒక వేర్‌హౌస్‌లో పెట్టెలు స్కాన్ చేసే పనికి కుదిరారు. రెండేళ్లకు నడుం పట్టేసింది. అప్పుడు సీతాదేవి గారే, "మీకు వచ్చిన పనే చేసుకోండి" అని డైనింగ్ టేబుల్ పక్కన గోడకు ఒక తెల్లబోర్డు తగిలించారు.

అప్పటినుంచి శనివారం వస్తే ఆ టేబుల్ చుట్టూ మన పిల్లలే. మాష్టారు బేస్‌మెంట్‌లో కూడా టై కట్టుకుని నిలబడతారు. పిల్లలు ఆయన్ని మాష్టర్ అంకుల్ అంటారు. చెప్పడం మాత్రం బాగా చెబుతారు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు, అయినా నిజం నిజమే.

ఎంజైముల పాఠం నేను తలుపు దగ్గర కుర్చీలో కాఫీ తాగుతూ విన్నాను.

"ఎంజైమ్ అంటే పెనం అనుకోండి. మా తెలుగు మీడియం పుస్తకాల్లో అధస్థ పదార్థం అని రాసి పిల్లల్ని భయపెట్టేవాళ్లు, ఆ సబ్‌స్ట్రేట్ ఏదో కాదు, దోసెల పిండి. గరిటెడు పిండే ఉందనుకోండి, పెనం చాలాసేపు ఖాళీగా కూర్చుంటుంది. పిండి పెంచండి, దోసెలు పెరుగుతాయి. ఇంకా పెంచండి, ఇంకా పెరుగుతాయి. ఒక దశ వచ్చాక పెనానికి ఊపిరాడదు. ఇక గంగాళంతో పిండి తెచ్చి పక్కన పెట్టండి, నిమిషానికి వచ్చే దోసెలు మాత్రం అన్నే!"

అని బోర్డు మీద గీత గీశారు. అది నిటారుగా ఎక్కింది, వంగింది, పైకెళ్లి పడుకుంది. "ఇదిగో, ఇలా పడుకుంటుంది. ఇక లేవదు, పడదు" అన్నారు.

వంటగదిలోంచి సీతాదేవి గారు, "జన్మలో ఒక్క దోసె వేసి ఎరగరు, పాఠం మాత్రం పెనం మీదే" అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన అప్లికేషన్లన్నీ ఆ గంగాళంలో పిండే కదా అని కూడా అనుకున్నాను. పైకి అనలేదు.

పోయిన నవంబరులో ఇషితకు స్కూల్లో సరిగ్గా ఇదే ప్రయోగం ఇచ్చారు. బంగాళాదుంప రసంలో కాటలేజ్ అని ఒక ఎంజైమ్ ఉంటుంది. దెబ్బలు కడుక్కునే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను అది విడగొట్టి ఆక్సిజన్ బుడగలు తెప్పిస్తుంది. పెరాక్సైడ్ గాఢత పెంచుకుంటూ పోయి, ఒక్కో దానికి నిమిషంలో ఎన్ని మిల్లీలీటర్ల గ్యాస్ వచ్చిందో కొలవాలి. అర శాతం నుంచి తొమ్మిది శాతం దాకా ఆరు సీసాలు. ఇషితకు వరసగా ఐదు, తొమ్మిది, పదిహేను, పద్దెనిమిది, పందొమ్మిది వచ్చాయి. చివరిదానికి, తొమ్మిది శాతం సీసాకి, పన్నెండు వచ్చింది.

ఆ రిపోర్టుకు కోర్సులో ఐదు శాతం మార్కులు. ఇషితకు హామిల్టన్‌లోని యూనివర్సిటీలో హెల్త్ సైన్సెస్ చదవాలని తొమ్మిదో క్లాసునుంచి కోరిక. దానికి బయాలజీలో తొంభై దాటాలి. మా ఇంట్లో ఆ ఏడాది అందరం ఆ తొంభై చుట్టూనే తిరిగాం.

శనివారం ఇషిత ఆ కాగితం తీసి మాష్టారికి చూపించింది. ఆయన ఎర్రపెన్ను తీశారు.

"ఇదేంటమ్మా, గీత పడిపోయింది?"

"ఇట్ ఫెల్, అంకుల్. మూడుసార్లు చేశాం. త్రీ టైమ్స్."

"పడదమ్మా. మూత సరిగా బిగించి ఉండరు, గ్యాస్ పోయి ఉంటుంది. గుర్తు చేసుకో, పాఠం ఏం చెప్పింది? పడుకోవాలి కదా? పందొమ్మిది వేసుకో."

పన్నెండు చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, పక్కన పందొమ్మిది రాసి ఇచ్చారు.

ఇందులో ఆయనకి తప్పేమీ కనబడలేదు. చెప్పాలంటే నాకూ కనబడలేదు. నేనూ బీఎస్సీనే. మన దగ్గర ప్రాక్టికల్స్ ఎలా చేశామో మనకు తెలియంది కాదు. ముందు గీత గీస్తాం. ఆ గీత మీద చుక్కలు పెడతాం. చివర్న ఆ చుక్కలు చూసి రీడింగులు రాస్తాం. సీనియర్ రికార్డు దొరికితే ఆ శ్రమ కూడా లేదు. రీడింగ్ తేడాగా వస్తే అది మన చేతి తప్పే తప్ప, పుస్తకానికి తెలియని సంగతి ఏదైనా కావచ్చన్న ఊహ ఒక్కరికీ రాదు. గ్రాఫు కాగితం మీద ఒక్క చుక్క పక్కకి పోకుండా గీసినవాడికి ఇరవైకి ఇరవై.

పది రోజుల తర్వాత స్కూలు నుంచి మెయిల్ వచ్చింది. ఇషిత టీచర్ మిసెస్ ఫర్గసన్ రాసింది. ప్రయోగం జరిగిన రోజే ఆవిడ ప్రతి గ్రూపు కాగితాన్నీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుందట. ఫొటోలో పన్నెండు, రిపోర్టులో పందొమ్మిది. దీన్ని డేటా మార్చడం అంటారు, శుక్రవారం వచ్చి మాట్లాడండి, అంతదాకా ఆ రిపోర్టుకు సున్నా.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క అంకె! మా ఊళ్లో అయితే నవ్వి ఊరుకునేవాళ్లు. ఆ మంటలోనే వెంటనే జవాబు కొట్టాను. మా ఇంట్లో అబద్ధం రాయమని పిల్లలకి ఎవరూ నేర్పరు, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుంది, అని. సెండ్ నొక్కాక నా భార్య నీరజ నా భుజం మీదుగా చదివి, "నిజంగా ఎవరూ చెప్పలేదా?" అంది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

బుధవారం ఆఫీసు అవగానే ఇషితను ఎక్కించుకుని తిన్నగా బ్రాంప్టన్ పోయాను. నాలుగొందల పది హైవే మీద ట్రాఫిక్ ఇరుక్కుంది. మాష్టారితో ఏమేం అనాలో అంతా ఆ ముప్పావుగంటలో తయారు చేసుకున్నాను. మెట్ల మీద ఎవరూ లేరు. లోపలికి వెళ్లి మెయిల్ ఆయన చేతిలో పెట్టాను. రెండుసార్లు చదివారు.

"అయినా అది పడకూడదండీ హేమచంద్ర గారూ" అన్నారు.

"మాష్టారూ, నా కూతురికి సున్నా వచ్చిందండీ! మీరింకా గీత దగ్గరే ఉన్నారా?"

"సున్నా సంగతి నేను ఆవిడతో మాట్లాడతాను. కానీ పడితే అది తప్పు రీడింగే. ఇరవై ఆరేళ్లు చెప్పాను నేను. ఎలా పడుతుందండీ?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఇదే. నాకు అరవాలనిపించింది. అరిచేవాణ్ణే. ఈలోగా డ్యూటీ నుంచి వచ్చి ఇంకా కోటు విప్పని సీతాదేవి గారు మా ఇద్దరి మధ్యా నిలబడ్డారు.

"ఏమండీ, నేనొకటి అడుగుతాను చెప్పండి. ఇరవై ఆరేళ్లు చెప్పారు సరే. ఎప్పుడైనా చేశారా?"

మాష్టారు ఆవిడ వైపు చూశారు.

"ఇదే ప్రయోగం మీరు, మీ చేత్తో, ఒక్కసారైనా చేసి చూశారా అంటున్నాను?"

ఆయన టై ముడి సర్దుకున్నారు. ఇషిత నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, ఇంకేం అనొద్దు అన్నట్టు. ఆ పిల్లకి అప్పుడు కూడా ఆయన మీద జాలే.

సీతాదేవి గారే నడుం బిగించారు. బంగాళాదుంపలు ఇంట్లో ఉన్నాయి. పెరాక్సైడ్ మందుల షాపులో మూడు శాతమే దొరుకుతుంది. జుట్టుకు రంగు వేసేవాళ్లు వాడేది పన్నెండు శాతం ఉంటుందని ఇషిత చెప్పింది. ఎదురు ప్లాజాలో సెలూన్ సామాన్ల షాపుకి నన్ను పంపించారు. చెవులకు పోగులున్న ఒకాయన నా బట్టతల వైపు ఒకసారి చూసి, సీసా కవర్లో పెట్టి ఇచ్చాడు. నేను వచ్చేసరికి సీతాదేవి గారు దుంపలు మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి ఉంచారు. చేపల తొట్టి ట్యూబు ఒకటి పైవాళ్లను అడిగి తెచ్చారు. ఇషిత చేతికి గ్లవ్స్, కళ్లకి అద్దాలు. గంగాళానికి బదులు గిన్నెలు కడిగే తొట్టినిండా నీళ్లు. అందులో బోర్లించిన, కొలతలు గీసి ఉన్న గాజు గొట్టం.

"మాష్టర్ అంకుల్, మీరు టైమ్ చూడండి" అంది ఇషిత.

అర శాతం. ఒకటి. రెండు. మాష్టారు వాచీ చూస్తూ "స్టాప్" అంటున్నారు. ఇషిత అంకె చదువుతోంది. నేను రాస్తున్నాను. స్కూల్లో వచ్చిన అంకెలే రాలేదు, కానీ వరస అదే. ఎక్కింది, వంగింది, ఆరు శాతం దగ్గర పడుకుంది. మాష్టారి ముఖం విప్పారింది. "చూశారా?" అన్నట్టు నా వైపు తల ఊపారు.

తొమ్మిది శాతం. బుడగలు మొదట జోరుగా వచ్చి, తర్వాత నీరసించాయి.

"స్టాప్."

"పదకొండు" అంది ఇషిత.

"మూత చూడమ్మా."

మూత బిగించి మళ్లీ చేసింది. పన్నెండు. ట్యూబు మార్చింది. పదకొండు. మాష్టారు దుంప పాతదన్నారు. సీతాదేవి గారు కొత్త దుంప తీసి చెక్కు తీశారు. ఆ రసంతో మొదటినుంచి చేశారు. చివరిది నాలుగుసార్లు చేస్తే నాలుగుసార్లూ పడింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన ఆఖరికి ఆ జుట్టు నీళ్లలో ఏం కలిపారో అన్నారు.

"స్కూల్లో అవి కాదు కదా అంకుల్, ప్యూర్ పెరాక్సైడ్. ఇట్ ఫెల్ దేర్ టూ" అంది ఇషిత, మెల్లగా. "నేను చదివాను. పెరాక్సైడ్ మరీ ఎక్కువైతే ఎంజైమ్‌నే పాడుచేస్తుందట. అంటే ఈ పిండి... ఎక్కువైతే పెనాన్నే తినేస్తుంది."

ఎవరూ నవ్వలేదు. మాష్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ గాజు గొట్టం వైపే చూస్తూ, మాతో కాదన్నట్టు మాట్లాడారు.

"మా ల్యాబులో నీళ్లు వచ్చేవి కాదు. మా దగ్గర ఇదే ప్రయోగం స్టార్చ్‌తో చేయించాలి, ఆ డబ్బా పురుగు పట్టి ఉండేది. అయోడిన్ సీసా నేను చేరేటప్పటికే ఎండిపోయింది. ఇండెంట్ పెట్టాను, ఏటా పెట్టాను. రాలేదు. మొదటి ఏడాది ఒక అమ్మాయి ఎక్కడిదో రికార్డు తెచ్చింది, గీత చక్కగా ఉంది. తర్వాత అందరూ అదే రాశారు. అవే ఆరు అంకెలు, ఇరవై ఆరేళ్లు. ఎరగక పెట్టానా సంతకాలు? ఎరిగే పెట్టాను. గీత నిజమే కదా, అంకెలు ఎవరివైతేనేం అనుకున్నాను."

తర్వాత ఆయన లేచి, తొట్టిలో నీళ్లు పారబోశారు. సీతాదేవి గారు వారిస్తున్నా వినకుండా గిన్నెలన్నీ ఆయనే కడిగారు. నేను తయారు చేసుకొచ్చిన మాటలన్నీ నా నోట్లోనే ఉండిపోయాయి. దానికి కూడా నాకు చిరాకే వేసింది. తిట్టడానికి వచ్చినవాడికి తిట్టే వీలు లేకుండా చేస్తే ఆ కోపం ఎక్కడికి పోవాలి?

శుక్రవారం ఆయన మాతో వస్తానన్నారు. వద్దన్నాను. పక్కగుమ్మం ముందు టై, కోటు, పైన వేర్‌హౌస్ వాళ్లిచ్చిన పాత చలిజాకెట్టుతో నిలబడి ఉన్నారు. ఎక్కించుకోక తప్పలేదు.

మిసెస్ ఫర్గసన్ నెరిసిన జుట్టు మనిషి, గొంతు పెంచదు. బల్ల మీద మూడు కాగితాలు పెట్టింది: ఫొటో, రిపోర్టు, నేను పంపిన మెయిల్. మెయిల్ కూడా ప్రింట్ తీసి ఉంచుతుందని నేను అనుకోలేదు.

మాష్టారు కూర్చోకుండానే మొదలుపెట్టారు. ఆయన ఇంగ్లీషు పాతకాలపు లెక్చరర్ ఇంగ్లీషు, ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. ఆ పందొమ్మిది తనదని చెప్పారు. పిల్ల మూడుసార్లు చేశానని చెప్పినా తాను వినలేదన్నారు. బుధవారం సాయంత్రం తమ ఇంట్లో ఏడుసార్లు చేశామని, ఏడుసార్లూ పడిందని చెప్పారు. "నా జీవితంలో ఈ ప్రయోగం చేయడం అదే మొదటిసారి, మేడమ్" అన్నారు.

ఆవిడ అంతా విన్నది. చెప్పినందుకు థాంక్స్ అంది. తర్వాత అన్నది వినండి. క్లాసు మొత్తంలో ఆ తొమ్మిది శాతం సీసాను జాగ్రత్తగా చేసిన గ్రూపు ఇషితదేనట. ఆ సీసాను ఆవిడ కావాలనే పెట్టిందట. గీత పడుతుందని ఆవిడకి తెలుసు. ఎందుకు పడిందని ఎవరు అడుగుతారో చూడడానికే ఆ ప్రయోగం. పన్నెండు అని రాసి, ఎందుకో తెలియదు అని ఒక్క ముక్క రాసినా మంచి మార్కులు వచ్చేవట.

ఇది విన్నాక నా పరిస్థితి ఊహించుకోండి. చేతికొచ్చిన ముద్ద మనమే నేలపాలు చేసుకున్నాం.

"అంకె మీదే కావచ్చు" అని ఆవిడ మాష్టారితో అంది. "రిపోర్టు మీద పేరు మాత్రం ఇషితది." తర్వాత ఇషిత వైపు తిరిగింది. "ఇంట్లో ఇంకెవరైనా మార్చమన్నారా?"

ఇషిత నా వైపు చూసింది. ఒక్క క్షణమే. తర్వాత బల్ల మీద ఉన్న నా మెయిల్ వైపు చూసింది.

"నో, మిస్. ఐ రోట్ ఇట్" అంది.

నా వాటా చెబుతానన్నాను కదా, అది ఇక్కడుంది. ఆ శనివారం కారులో ఇంటికి వస్తూ ఇషిత నన్ను అడిగింది. "డాడీ, అది నిజంగానే పడింది. నేను చూశాను. మార్చాలా?" అని. నేను లేన్ మారుతున్నాను. "మాష్టారు ఇరవై ఆరేళ్లు చెప్పారు, నువ్వు మొన్న చేశావు. ఎవరికి ఎక్కువ తెలుసు? ఆయన చెప్పినట్టు రాయి, తొంభై పోగొట్టుకోకు" అన్నాను. మళ్లీ ఎఫ్.ఎమ్. పెట్టుకున్నాను. మాష్టారు అంకె మార్చారు, సరే. ఆ పిల్ల ఆఖరిసారి అడిగింది నన్ను. ఆ గదిలో మాష్టారు లేచి నిలబడి తన తప్పు చెప్పుకుంటుంటే, కన్నతండ్రిని నేను, అబద్ధపు మెయిల్ కళ్లెదురుగా పెట్టుకుని, నా కోటు గుండీ చూసుకుంటూ కూర్చున్నాను. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా పిడికెడు నా కూతురు మోసింది.

సున్నా సున్నాలాగే ఉండిపోయింది. డేటా మార్చిన సంగతి స్కూలు ఫైల్లో రాయనని మాత్రం ఆవిడ మాటిచ్చింది. తొంభైకి రెండు మార్కులు తగ్గాయి. మేలో హామిల్టన్ నుంచి జవాబు వచ్చింది. హెల్త్ సైన్సెస్ రాలేదు. లైఫ్ సైన్సెస్‌లో సీటు ఇస్తామన్నారు. ఇషిత గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. రెండు మార్కులు! నేను గరాజ్‌లో కారులో కూర్చుని స్టీరింగ్ మీద కొట్టాను. ఎవర్ని కొడుతున్నానో నాకు తెలుసు.

ఆ శనివారం ఇషిత మాష్టారింటికి వెళ్లనంటుందేమో అనుకున్నాను. వెళ్లింది. సాయంత్రం తీసుకురావడానికి నేను దిగేసరికి చిన్నపిల్లలంతా వెళ్లిపోయారు. బోర్డు మీద రెండు గీతలున్నాయి. ఒకటి ఎక్కి పడుకున్నది. ఇంకొకటి ఎక్కి, వంగి, పడినది. దాని పక్కన మాష్టారి చేతిరాత: "ఎందుకు? మీరే చేసి చూసి చెప్పండి."

టేబుల్ మీద అట్ట వేసిన రికార్డు పుస్తకం ఉంది. ఎడమవైపు తెల్లకాగితం, కుడివైపు గీతల కాగితం, మన కాలేజీల్లో వాడేదే. ఇండియా నుంచి వచ్చినవాళ్లతో తెప్పించుకున్నారట. మాష్టారు దాన్ని ఇషిత వైపు జరిపారు. ఉద్దేశం, పరికరాలు, విధానం, అంతా పొందికగా రాసి ఉంది. రీడింగుల పట్టికలో ఆ బుధవారం అంకెలు. ఏడుసార్లవీ ఉన్నాయి. గ్రాఫులో రెండు చుక్కలు గీతకు దూరంగా పోయాయి. వాటిని పోనిచ్చారు.

"ఎంతమందికి సంతకాలు పెట్టానో లెక్కలేదమ్మా" అన్నారు. "ఇది నాకు మొదటి రికార్డు. నువ్వు చేశావు, నేను చూశాను. సరిగా ఉంటేనే పెట్టు."

ఇషిత వెంటనే పెట్టలేదు. ఆ బుధవారం నేను రాసిన చిత్తుకాగితం ఫొటో తన ఫోన్‌లో తెరిచి, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి సరిచూసింది. మాష్టారు పరీక్ష రాసినవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డారు. సీతాదేవి గారు కూడా వంటగది గుమ్మంలోకి వచ్చారు. చివరికి సంతకం పెట్టి, పుస్తకాన్ని నా వైపు తిప్పింది.

"నువ్వూ చూశావు కదా, డాడీ. యూ సైన్ టూ."

పెన్ను తీసుకున్నాను. పడిన గీత కింద ఖాళీ ఉంది.

"ఇషితా" అన్నాను, "ఆ రోజు స్కూల్లో నేను చెప్పాల్సింది. కారులో నిన్ను మార్చమన్నది నేను."

మాష్టారు నా ముఖంలోకి చూశారు. ఆయనకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆరు నెలలుగా మొత్తం తప్పు తనదే అనుకుంటూ ఉన్నారు.

"ఐ నో, డాడీ" అంది ఇషిత. "డేట్ కూడా వెయ్యి."